పసిపాప భాష

మనిషి ఈ లోకంలోకి వచ్చీ రాగానే చేసే మొదటి పని ఏడవడం. పుట్టిన బిడ్డ కేరుమన్నదంటే కాన్పు చేసిన నర్సు ముఖం విప్పారుతుంది. గుమ్మం బయట నిలబడ్డ బంధువుల గుండెలు కుదుటపడతాయి. ఏడుపు విని ఇంతమంది సంతోషించే సందర్భం మనిషి జీవితంలో మళ్ళీ రాదు. ఆ తర్వాత మాటలు వచ్చేదాకా, ఆకలైనా, నిద్ర వచ్చినా, చీమ కుట్టినా, చలి వేసినా బిడ్డకు ఉన్న సాధనాలు నాలుగే. అవి ఏడుపు, నవ్వు, ముఖంలో మార్పులు, కాళ్ళూ చేతుల కదలికలు. ఈ నాలుగింటితోనే తన అవసరాలన్నీ చెప్పుకోవాలి. ఆ చెప్పినదాన్ని అర్థం చేసుకోవలసిన బాధ్యత తల్లిది. తల్లితోపాటు ఇంట్లో బిడ్డను ఎత్తుకునే వారందరిది.

“కన్నతల్లికి తెలియదా!” అని పెద్దలు అంటూ ఉంటారు. బిడ్డ మనసు తెలుసుకోవడం తల్లికి సహజంగానే వస్తుందని ఆ మాటకు అర్థం. ఇందులో కొంత నిజం ఉంది. కాని ఒకే ఏడుపును రెండు ఊళ్ళ తల్లులు రెండు విధాలుగా అర్థం చేసుకోవడం, ఒకే నవ్వుకు రెండు ఇళ్ళలో రెండు కారణాలు చెప్పడం కూడా లోకంలో కనిపిస్తుంది. తల్లి చూపు వెనుక ఆమె మాట్లాడే భాష, పెరిగిన ఇల్లు, నేర్చుకున్న ఆచారం ఉంటాయి. వీటన్నింటినీ కలిపి సంస్కృతి అంటాం. పసిపాప భాషను తల్లి చదివే తీరులో సంస్కృతి పాత్ర ఏమిటో తెలుసుకుందాం.

దీన్ని గమనించడానికి చంద్రపూర్ జిల్లా అనువైన చోటు. ఒకప్పుడు చాందా అని పిలిచిన ఈ జిల్లాలో మరాఠీ, గోండి, హిందీ, తెలుగు పక్కపక్కనే వినిపిస్తాయి. వార్ధా నదికి ఆవల ఉన్న రాజురా తాలూకా 1956 వరకు హైదరాబాద్ రాష్ట్రంలో, ఆదిలాబాద్ జిల్లాలో భాగంగా ఉండేది. బొగ్గు గనులలో, బల్లార్‌పూర్ కాగితపు మిల్లులో పనికి వచ్చి ఇక్కడే స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. గని కార్మికుల కాలనీలలో ఒక గోడకు ఇటు తెలుగువారి ఉయ్యాల, అటు మరాఠీవారి పాళణా ఊగుతూ ఉంటాయి.

పది రోజుల బిడ్డ ఒకటి నిద్రలో చిన్నగా నవ్విందనుకుందాం. తెలుగువారి ఇంట్లో అమ్మమ్మ, “దేవుడు ఆడిస్తున్నాడు, లేపకండి” అంటుంది. గోడకు అవతల మరాఠీ ఆజీ, “సటవాయి నవ్విస్తోంది” అంటుంది. బిడ్డ పుట్టిన కొద్ది రోజులకే ఒక రాత్రి వచ్చి నుదుట రాత రాసే దేవత సటవాయి అని మరాఠీ ఇళ్ళలో నమ్మకం. వైద్యులు మరొక కారణం చెబుతారు. పుట్టిన కొత్తలో నిద్రలో వచ్చే నవ్వు దానంతట అది వచ్చే కండరాల కదలిక; ఎదుటి మనిషి ముఖం చూసి నవ్వే నవ్వు సుమారు ఆరో వారం నుంచి మొదలవుతుంది. ముగ్గురూ చూసింది ఒకే నవ్వు. చెప్పిన కారణాలు మూడు.

మరొక ఉదాహరణ. గిన్నె కింద పడి చప్పుడైతే పసిబిడ్డ రెండు చేతులూ చాచి ఉలిక్కిపడుతుంది. “దడుచుకున్నాడు” అని తెలుగు తల్లి బిడ్డను గుండెకు హత్తుకుంటుంది. కొందరు తాయెత్తు కడతారు. ఇలా ఉలిక్కిపడటం ఆరోగ్యంగా ఉన్న బిడ్డల సహజ లక్షణమని, కొన్ని నెలలలో అదే పోతుందని వైద్యులు చెబుతారు. ఇక్కడ బిడ్డ చేసింది కదలిక మాత్రమే. దానికి ‘భయం’ అనే పేరు పెట్టింది పెద్దలు.

ఇలాంటి ఉదాహరణలు చూసి, బిడ్డల భావాలన్నీ పెద్దల ఊహలేనని అనుకోకూడదు. మనుషులందరికీ ఉమ్మడిగా ఉన్నది చాలా ఉంది. ఇంగ్లండుకు చెందిన ప్రకృతి శాస్త్రజ్ఞుడు చార్లెస్ డార్విన్ తన మొదటి కుమారుడు పుట్టిన 1839 నుంచి ఆ బిడ్డ నవ్వునూ, ఏడుపునూ, కోపాన్నీ గమనించి రాసిపెట్టుకున్నాడు. మనుషులలో, జంతువులలో భావాలు వ్యక్తమయ్యే తీరును గురించి 1872లో ఒక గ్రంథం ప్రచురించాడు. తన బిడ్డను గురించిన వివరాలను 1877లో ఒక వ్యాసంగా వెలువరించాడు. ముఖంలో కనిపించే ముఖ్యమైన భావాలు మానవజాతి అంతటికీ ఒకటేనని ఆయన అభిప్రాయం. పుట్టుకతో చూపు లేని బిడ్డలు కూడా నవ్వుతారు. ఎవరి నవ్వునూ చూడకుండానే వారికి నవ్వు వచ్చిందంటే అది మనిషికి పుట్టుకతో వచ్చిన గుణమనే కదా!

తల్లుల విషయంలోనూ ఇలాంటి పోలిక ఉంది. అర్జెంటీనా, ఫ్రాన్స్, జపాన్, కెన్యా, కామెరూన్ మొదలైన 11 దేశాలలో 684 మంది కొత్త తల్లులను పరిశీలించిన ఒక అధ్యయనం 2017లో వెలువడింది. బిడ్డ ఏడిస్తే తల్లులు ఏం చేస్తారన్నది అందులోని ప్రశ్న. దేశం ఏదైనా, వారు ఎక్కువగా చేసింది బిడ్డను ఎత్తుకోవడం, బిడ్డతో మాట్లాడటం. ఏడుపు వినగానే చేయి చాచడం మాతృత్వానికి సహజమని దీనివల్ల తెలుస్తుంది.

అయితే చేయి చాచినంత మాత్రాన ఏడుపుకు కారణం తెలిసినట్లు కాదు. అమెరికాలో 1974లో ప్రచురితమైన ఒక పరిశోధనలో పసిపిల్లల ఏడుపులను రికార్డు చేసి తల్లులకు వినిపించారు. అది ఆకలి ఏడుపా, నొప్పి ఏడుపా, ఉలికిపాటు ఏడుపా చెప్పమన్నారు. శబ్దం మాత్రమే విని తల్లులు సరిగా చెప్పలేకపోయారు. అలాగైతే ఇంట్లో ఎలా చెప్పగలుగుతున్నారు? ఇంట్లో తల్లికి శబ్దం ఒక్కటే ఆధారం కాదు. పాలు ఎప్పుడు పట్టిందో ఆమెకు తెలుసు. బిడ్డ నిన్న ఎంతసేపు పడుకున్నదో, పొట్ట ఉబ్బి ఉన్నదో లేదో, గుడ్డ తడిసిందో లేదో తెలుసు. ఇవన్నీ కలిపి ఆమె ఒక నిర్ణయానికి వస్తుంది. మనం చదివేటప్పుడు ముందు వెనుకల వాక్యాలను బట్టి తెలియని పదానికి అర్థం ఊహించుకుంటాం. తల్లి చేసేదీ అదే. ఆ ఊహకు కావలసిన సరుకులో కొంత ఆమె అనుభవం ఇస్తే, మిగిలినది ఆమె భాష, ఆచారం ఇస్తాయి.

మొదట భాష సంగతి చూద్దాం. తెలుగులో బిడ్డ ఏడుపుకు ఎన్ని మాటలున్నాయో లెక్కపెట్టి చూడండి. కేరుమనడం వేరు, కెవ్వుమనడం వేరు. గుక్కపట్టి ఏడవడం వేరు, వెక్కివెక్కి ఏడవడం వేరు. కన్నీరు రాకుండా సన్నగా సాగదీస్తే రాగాలు తీస్తున్నాడంటాం. ఒంట్లో బాగాలేక చేసే చప్పుడు మూలుగు. కోరింది ఇచ్చేదాకా ఆపకపోతే మారాం. వీటిలో ప్రతి మాటా ఏడుపును వర్ణించడంతో ఆగదు. పెద్దలు ఏం చేయాలో కూడా చెబుతుంది. కెవ్వుమంటే పరుగెత్తాలి. గుక్కపడితే వెంటనే ఎత్తుకొని ఊరడించాలి. రాగాలు తీస్తే కాసేపు చూడవచ్చు. మారాం చేస్తే మరొక వస్తువు చూపి మరపించాలి. ఈ మాటలు తెలిసిన ఇంట్లో పెరిగిన పిల్ల రేపు తల్లి అయినప్పుడు ఏడుపులను ఈ గంపలలోనే వేరుచేసి పెట్టుకుంటుంది.

‘అలక’ అనే మాటను చూడండి. అలక కోపం కాదు, దుఃఖమూ కాదు. తనను ప్రేమించేవారి మీద, వారు వచ్చి బతిమాలుతారనే నమ్మకంతో చేసేది అలక. పరాయివారి మీద ఎవరూ అలగరు. రెండేళ్ళ పిల్ల మూతి ముడుచుకొని మూల కూర్చుంటే తెలుగు తల్లి, “మా తల్లి అలిగింది” అని నవ్వుతూ దగ్గరికి వెళుతుంది. అదే ముఖాన్ని ‘కోపం’ అని చదివిన తల్లి మందలించవచ్చు. మరాఠీలో దీన్ని రుసవా అంటారు. హిందీలో రూఠ్‌నా అంటారు. ఈ భావం దూరదేశాలలో కూడా లేకపోలేదు. కావలసినవారి ప్రేమ మీద ఆధారపడి గారాలు పోవడాన్ని జపానువారు ‘అమాయె’ అంటారు. తకియో దోయి అనే జపాను మనోవైద్యుడు ఈ ఒక్క మాటను ఆధారం చేసుకొని 1971లో ఒక గ్రంథం రాశాడు. జపానువారి మనస్తత్వాన్ని తెలుసుకోవడానికి ఈ మాట తాళంచెవి వంటిదని ఆయన వాదించాడు. ఇంగ్లీషులో దీనికి సరిసమానమైన ఒక్క మాట దొరకదు. మాట లేనంతమాత్రాన ఆ బిడ్డలు గారాలు పోరని కాదు. మాట ఉన్నచోట ఆ భావం తల్లి కంటికి త్వరగా పడుతుంది.

భాష ఇలా భావాలకు పేర్లు ఇస్తుంది. ఏ భావాన్ని పెంచాలో, దేన్ని అణచాలో ఆచారం చెబుతుంది. విలియం కాడిల్, హెలెన్ వైన్‌స్టైన్ అనే పరిశోధకులు జపానులో 30 మంది, అమెరికాలో 30 మంది పసిపిల్లలను వారి ఇళ్ళలోనే పరిశీలించి 1969లో ఫలితాలు ప్రకటించారు. ఆ బిడ్డలందరి వయస్సు మూడు నాలుగు నెలలు. అమెరికా తల్లులు బిడ్డతో ఎక్కువగా కబుర్లు చెప్పారు. బిడ్డ తిరిగి ఊకొట్టాలని, చలాకీగా కదలాలని కోరుకున్నారు. జపాను తల్లులు బిడ్డను ఎక్కువసేపు ఎత్తుకొని, ఊపి, జోకొట్టారు. బిడ్డ ప్రశాంతంగా ఉండాలని కోరుకున్నారు. మూడు నాలుగు నెలలకే బిడ్డలలో తేడా కనిపించింది. అమెరికా బిడ్డలు సంతోషంతో చేసే చప్పుళ్ళు ఎక్కువగా చేశారు. తల్లి దేనికి స్పందిస్తే బిడ్డ దాన్నే ఎక్కువగా చేస్తుందన్నమాట.

నవ్వు విషయంలో ఇది మరింత స్పష్టంగా తెలిసింది. జర్మనీలోని మ్యూన్‌స్టర్ నగరంలోని తల్లులను, ఆఫ్రికాలోని కామెరూన్ దేశంలో వ్యవసాయం చేసుకొని బతికే న్సో తెగకు చెందిన తల్లులను పోల్చిన అధ్యయనం ఒకటి 2012లో వెలువడింది. బిడ్డలకు ఆరు వారాల వయసున్నప్పుడు రెండుచోట్లా తల్లీబిడ్డలు ఒకరినొకరు చూసి నవ్వుకోవడంలో పెద్ద తేడా లేదు. పన్నెండో వారానికి వచ్చేసరికి జర్మనీ తల్లీబిడ్డలు న్సో తల్లీబిడ్డలకంటే ఎక్కువగా నవ్వుకున్నారు. న్సో తల్లులకు ప్రేమ తక్కువనా? కానే కాదు. వారు బిడ్డను ఎప్పుడూ ఒంటికి అంటిపెట్టుకొని ఉంటారు. వారి ఇళ్ళలో ఒక బిడ్డను చాలామంది చేతులు మార్చుకుంటూ పెంచుతారు. ఎవరి చేతిలోనైనా గొడవ లేకుండా ఇమిడిపోయే బిడ్డ మంచి బిడ్డ అని వారి ఆదర్శం. జర్మనీ నగరంలో తల్లి చాలాసేపు బిడ్డతో ఒంటరిగా గడుపుతుంది. ముఖంలో ముఖం పెట్టి నవ్వించడం అక్కడ ప్రేమకు గుర్తు. ఒకచోట ప్రేమ చూపులో కనిపిస్తే, ఇంకొకచోట స్పర్శలో కనిపిస్తుంది.

బిడ్డ తరఫున మాట్లాడటంలో కూడా ఆచారం కనిపిస్తుంది. పపువా న్యూగినీలోని కలూలి తెగను 1970ల దశాబ్దంలో బాంబి షీఫెలిన్ అనే పరిశోధకురాలు పరిశీలించింది. పసిబిడ్డకు ఇంకా ఏమీ తెలియదని కలూలి తల్లుల అభిప్రాయం. అందుకని వారు బిడ్డతో ముఖాముఖి కబుర్లాడరు. బిడ్డ ముఖాన్ని ఎదుటివారివైపు తిప్పి పట్టుకొని, గొంతు సన్నగా చేసి, బిడ్డే మాట్లాడుతున్నట్లు తామే మాట్లాడతారు. తెలుగు ఇళ్ళలో బిడ్డతో కబుర్లూ ఉన్నాయి, ఇలా బిడ్డ తరఫున మాట్లాడటమూ ఉంది. ఇంటికి వచ్చిన తాతను చూసి తల్లి చంకలోని బిడ్డను ముందుకు వంచి, “తాతయ్యా, నాకేం తెచ్చావు?” అని సన్నని గొంతుతో అడుగుతుంది. బిడ్డ ముఖం తిప్పుకుంటే, “కొత్తకదూ, సిగ్గుపడుతున్నాడు” అని తానే అర్థం చెబుతుంది. ఇలా తాత, అత్త, పిన్ని, మామ అనే వరుసలూ, వారి ముందు ఎలా ఉండాలన్న మర్యాదా బిడ్డకు మాటలు రాకముందే చెవినపడతాయి.

నడక నేర్చే బిడ్డ పడి ఏడ్చినప్పుడు తెలుగు తల్లులు నేలను చేత్తో కొట్టి, “నిన్ను కొట్టిన నేలను కొట్టేశాను, ఊరుకో” అని ఓదారుస్తారు. ఇక్కడ బిడ్డ ఏడుపును తల్లి నొప్పిగా మాత్రమే చదవలేదు. తనకు అన్యాయం జరిగిందనే ఫిర్యాదుగా కూడా చదివింది.

సంస్కృతి తల్లివైపు మాత్రమే ఉన్నదా అంటే, బిడ్డవైపు కూడా కొంత ఉంది. కాథ్లీన్ వెర్మ్‌కె అనే జర్మన్ శాస్త్రవేత్త, ఆమె సహచరులు మూడు నుంచి ఐదు రోజుల వయసున్న 30 మంది ఫ్రెంచి శిశువుల, 30 మంది జర్మన్ శిశువుల ఏడుపులను పోల్చి చూశారు. ఫ్రెంచి శిశువుల ఏడుపు ఎక్కువగా కింది స్వరం నుంచి పైకి సాగింది. జర్మన్ శిశువుల ఏడుపు పైనుంచి కిందికి దిగింది. ఆ రెండు భాషల ఉచ్చారణలోని స్వరం నడకా అదే. కడుపులో ఉండగానే బిడ్డ తల్లి మాటల రాగాన్ని విని పట్టుకుంటుందని 2009లో వెలువడిన ఈ పరిశోధన చెబుతోంది.

ఇంతవరకు చెప్పినదాన్ని బట్టి ఒక జాగ్రత్త అవసరమని తెలుస్తుంది. మన ఆచారాన్ని కొలబద్దగా పెట్టుకొని ఇతరుల ప్రేమను కొలవకూడదు. తెలుగు, మరాఠీ, తమిళ ఇళ్ళలో బిడ్డను నలుగురి ముందు పొగడరు. “ఎంత ముద్దుగా ఉన్నాడో” అని ఎవరైనా అంటే తల్లి మాట మారుస్తుంది. బుగ్గన నల్లచుక్క పెడుతుంది. ఆ చుక్కను తెలుగువారు దిష్టిచుక్క అంటే మరాఠీవారు తీట్ అంటారు. సాయంత్రం ఉప్పూ మిరపకాయలతో దిష్టి తీస్తారు. ప్రేమ ఎక్కువైనకొద్దీ దాన్ని దాచుకోవాలన్న భావన దీని వెనుక ఉంది. తమిళనాడులో ఒక కుటుంబంతో కలిసి జీవించిన మార్గరెట్ ట్రావిక్ అనే అమెరికా పరిశోధకురాలు, తల్లి ప్రేమను ఇలా దాచి ఉంచే తీరును 1990లో ప్రచురించిన తన గ్రంథంలో వివరించింది. ఈ సంగతి తెలియనివారు ఆ తల్లిని చూసి బిడ్డమీద మమకారం లేనిదనుకొనే ప్రమాదం ఉంది.

మేరీ ఐన్స్‌వర్త్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1954-55లో ఆఫ్రికాలోని ఉగాండా గ్రామాలలో 26 కుటుంబాలను పరిశీలించింది. అక్కడి బిడ్డలు తల్లి తిరిగి వచ్చినప్పుడు కౌగిలించుకొని ముద్దు పెట్టలేదు, చప్పట్లు కొట్టారు. ముద్దుకోసం మాత్రమే వెదికేవారికి ఆ చప్పట్లలోని ప్రేమ కనిపించదు.

ఒకే సంస్కృతిలోని తల్లులందరూ ఒకేలా ఉంటారని కూడా అనుకోరాదు. మొదటి బిడ్డ తల్లి వేరు, నాలుగో బిడ్డ తల్లి వేరు. పొలానికి వెళ్ళే తల్లి వేరు, ఆఫీసుకు వెళ్ళే తల్లి వేరు. సంస్కృతి దారి చూపిస్తుంది. నడిచేది మాత్రం ఎవరికి వారే.

పసిపాప భాషను సరిగా చదవడం కొన్నిసార్లు ప్రాణానికి సంబంధించిన విషయం. దీనికి గొప్ప ఉదాహరణ చంద్రపూర్ పొరుగునే ఉంది. గడ్చిరోలి 1982 వరకు చంద్రపూర్ జిల్లాలోనే ఉండేది. అక్కడ వైద్య దంపతులు అభయ్ బంగ్, రాణీ బంగ్ ‘సెర్చ్’ అనే సంస్థను స్థాపించి పనిచేస్తున్నారు. ఆ పల్లెలలో 1993-95 మధ్య పుట్టిన ప్రతి 1000 మంది శిశువులలో సుమారు 62 మంది నెల తిరగకముందే చనిపోయేవారు. ఆసుపత్రులు దూరం. పురిటిబిడ్డను ఇల్లు దాటించడం ఆచారం కాదు. బిడ్డ ఉలుకూ పలుకూ లేకుండా పడుకుంటే నిద్రపోతున్నదనో, దిష్టి తగిలిందనో అనుకొని ఆలస్యం చేయడం ఇలాంటిచోట్ల ప్రాణాంతకం.

ఆ వైద్యులు 1995 నుంచి 1998 వరకు 39 గ్రామాలలో ఒక కొత్త పద్ధతి అమలు చేశారు. ఊరి మహిళలనే ఎంపిక చేసి, పురిటిబిడ్డల సంరక్షణలో శిక్షణ ఇచ్చి, ఇంటింటికీ పంపారు. వారిని ఆరోగ్యదూతలు అన్నారు. బిడ్డను వెచ్చగా ఉంచడం, తల్లిపాలు పట్టించడం, తూకం వేయడం, ఊపిరి అందని బిడ్డకు సాయపడటం, అవసరమైతే మందు ఇవ్వడం వారి పని. మూడో ఏడాదికి, ఆ గ్రామాలలో నెలలోపు శిశువుల మరణాలు 1000కి సుమారు 26కు తగ్గాయి. ఈ ఫలితాలు 1999లో లాన్సెట్ అనే ప్రసిద్ధ వైద్య పత్రికలో ప్రచురితమయ్యాయి. ఇంటివద్దనే నవజాత శిశువుల సంరక్షణ అనే కార్యక్రమాన్ని భారత ప్రభుత్వం 2011లో ఆశా కార్యకర్తల ద్వారా దేశమంతటా చేపట్టింది.

రక్తంలో క్రిములు చేరి బిడ్డ ప్రాణం మీదికి వచ్చిందని ప్రయోగశాల లేని పల్లెలో ఎలా తెలుసుకోవాలి? దానికి ఆ వైద్యులు ఏడు గుర్తులు పెట్టుకున్నారు. మొదట బాగా ఏడ్చే బిడ్డ ఏడుపు నీరసించడం లేదా ఆగిపోవడం. మొదట బాగా పాలు తాగే బిడ్డ సరిగా తాగకపోవడం. చురుకుగా ఉండే బిడ్డ మగతగా పడి ఉండటం. ఒళ్ళు కాలడం లేదా చల్లబడటం. చర్మం మీద గాని బొడ్డులో గాని చీము పట్టడం. విరేచనాలు, ఆగని వాంతులు లేదా పొట్ట ఉబ్బడం. మూలుగుతూ డొక్కలు ఎగరేయడం. వీటిలో ఏ రెండు ఒకేసారి కనిపించినా అది ప్రమాదకరమైన జబ్బుగా భావించి చికిత్స చేశారు. ఇంట్లోవారు రెండో గుర్తు కోసం కాచుకొని ఉండనవసరం లేదు. ఒక్కటి కనిపించినా ఆరోగ్య కార్యకర్తకు చెప్పాలి.

ఈ ఏడింటిలో మొదటి మూడింటిని జాగ్రత్తగా గమనించండి. “మొదట బాగా ఏడ్చేది, ఇప్పుడు ఏడవడం లేదు” అని చెప్పగలిగింది ఎవరు? నిన్నటి ఏడుపు విన్న తల్లి మాత్రమే. ఏ యంత్రానికీ బిడ్డ నిన్నటి ఏడుపు తెలియదు. తల్లి చెప్పే మాటను వైద్యులు ఇక్కడ ఒక పరీక్షా ఫలితంలాగా స్వీకరించారు. తల్లికి ఉన్న జ్ఞానానికి వైద్యజ్ఞానం తోడైంది. రెండూ కలిసి బిడ్డలను బతికించాయి.

ఇక్కడ భాష మళ్ళీ ముఖ్యమవుతుంది. “డొక్కలు ఎగరేస్తున్నాడు”, “గుక్క తిప్పుకోవడం లేదు”, “మగతగా ఉన్నాడు” అని తెలుగు తల్లి చెప్పే మాటలు మరాఠీ మాత్రమే తెలిసిన నర్సుకు అర్థం కాకపోవచ్చు. నర్సు చెప్పే జాగ్రత్తలు తల్లికి అర్థం కాకపోవచ్చు. అప్పుడు పక్కన రెండు భాషలూ వచ్చిన పిల్లో పిల్లవాడో ఉంటే ఆ ఇంటికి ఎంత మేలు! ఇంట్లో తెలుగు, వీధిలో మరాఠీ, బజారులో హిందీ మాట్లాడే చంద్రపూర్ పిల్లలకు ఈ శక్తి సహజంగానే ఉంది. ఎక్కువమంది ఇళ్ళలో చెల్లినీ తమ్ముడినీ ఎత్తుకొని తిరిగేదీ వీరే.

ఏడ్చిన బిడ్డను వెంటనే ఎత్తుకుంటే ఎత్తు మరుగుతాడని కొందరు పెద్దలు అంటారు. ఐన్స్‌వర్త్, ఆమె సహచరి సిల్వియా బెల్ 1972లో ప్రకటించిన పరిశోధన దీనికి భిన్నంగా ఉంది. మొదటి నెలలలో తల్లి త్వరగా స్పందించిన బిడ్డలు ఏడాది నిండే సమయానికి తక్కువగా ఏడ్చారు. ఈ పరిశోధన మీద తర్వాత శాస్త్రజ్ఞుల మధ్య వాదోపవాదాలు జరిగాయి. అయినా పసికందు ఏడుపును పట్టించుకోవాలన్న విషయంలో సందేహం అవసరం లేదు. “అడగందే అమ్మయినా పెట్టదు” అని తెలుగు సామెత. “బినా రోయే మా భీ దూధ్ నహీ పిలాతీ” అని హిందీ సామెత. ఏడవకపోతే తల్లి అయినా పాలివ్వదని దాని అర్థం. తెలుగువారు అడగడం అన్నదాన్ని హిందీవారు ఏడవడం అన్నారు. పసిబిడ్డ విషయంలో రెండూ ఒకటే. ఏడుపే బిడ్డ అడగడం.

అందువల్ల దిష్టి తీసే అమ్మమ్మ చేతిలోని ప్రేమను చిన్నచూపు చూడనక్కరలేదు. ఆ చేయి పని ఆ చేయి చేస్తుంది. అయితే దిష్టి తీసిన తర్వాత కూడా బిడ్డ పాలు తాగకపోయినా, ఏడుపు నీరసించినా ఆశా కార్యకర్తను పిలవడానికి మాత్రం తెల్లవారేదాకా ఆగకూడదు.

అభ్యాసం

1. రికార్డు చేసిన ఏడుపు విని కారణం చెప్పలేకపోయిన తల్లులు ఇంట్లో ఎలా చెప్పగలుగుతున్నారు?
2. అలకకూ కోపానికీ తేడా ఏమిటి? మీ ఇంట్లో జరిగిన ఒక సంఘటన ఆధారంగా రాయండి.
3. న్సో తల్లీబిడ్డలు తక్కువగా నవ్వుకున్నంత మాత్రాన వారికి ప్రేమ తక్కువ అనకూడదు. ఎందుకు?
4. గడ్చిరోలి గ్రామాలలో తల్లి చెప్పే మాటకు వైద్యులు ఎందుకు అంత విలువ ఇచ్చారు?
5. పసిపిల్లల ఏడుపుకు, నవ్వుకు మీ ఇంట్లో వాడే తెలుగు మాటలు సేకరించండి. అదే అర్థం వచ్చే మరాఠీ, హిందీ, గోండి మాటలను మీ స్నేహితులను అడిగి వాటి పక్కన రాయండి.